అడుగు

మంగళవారం రెండు గంటలకి
నా టైమ్‌టేబుల్లో రెండు గళ్లు
ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.
ఒకటి ఆల్గోరిథమ్స్, మూడో అంతస్తు, కిటికీల్లేని ల్యాబు.
ఇంకొకటి నృత్యం, రోడ్డవతల పాత చర్చి హాలు,
చెప్పులు బయట.
కింద ఎర్రగా ఒక వాక్యం:
ఈ విద్యార్థిని ఒకేసారి రెండుచోట్ల ఉండజాలదు.

ఆఫీసులో మిసెస్ ఆక్‌రాయిడ్
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
"ఈ రెండూ కలిపి ఎవరైనా చదువుతారని
మేమే అనుకోలేదు, లవ్" అంది.
లీడ్స్‌లో ఆ మాట చిల్లర డబ్బులు,
అందరికీ తలో కాసు.

చివరికి సగం సగం కుదిరింది.
మూడు దాకా అక్కడ. ఆ తర్వాత
వుడ్‌హౌస్ లేన్‌కి అడ్డంపడి పరుగు,
వానలో, ల్యాప్‌టాప్ కడుపుకి హత్తుకుని
తొమ్మిదో నెల మనిషిలా.

డాక్టర్ సట్‌క్లిఫ్ బోర్డు మీద
తనని తానే పిలుచుకునే ఫంక్షన్ రాశాడు.
పిలుపులో పిలుపు, దాని కడుపులో ఇంకో పిలుపు.
"ఎక్కడో ఆగాలి. ఆగే చోటేది?
ముందు అది రాయండి."
నేను రాయలేదు.
నాది దిగింది, దిగింది,
చేంతాడు ఎంత వదిలినా నీళ్లు తగలని
బావిలో బొక్కెనలా.
చివరికి తెరంతా ఎర్రటి అక్షరాలు,
స్టాక్ పొంగిపోయిందని.
పొంగింది పాలైనా బాగుండేది.

అవతల హాల్లో యోలాండ్ బాప్టిస్ట్,
అరవై దాటిన మనిషి, చాపెల్‌టౌన్ గొంతు,
మమ్మల్ని పడమంటుంది.
పడటం నేర్పే గురువుని నేనెక్కడా చూడలేదు.
తెనాలిలో నాకు నేర్పినావిడ
పళ్లెం అంచు మీద నిలబెట్టి
తట్టుకర్ర చూపించి, పడితే చూడు, అంది.
పన్నెండేళ్లు పడకుండా ఉండటమే నా చదువు.
ఇక్కడ ఒకటో పాఠమే అది:
మడమ, పిక్క, తుంటి, భుజం,
ఒక్కొక్కటీ నేలకి అప్పజెప్పడం.
నేను మధ్యలోనే బిగుసుకుంటాను.
తొడ మీద నేరేడు పండు రంగు మచ్చ,
పోయేలోగా ఇంకొకటి.
"నీ నేల ఎక్కడ?" అంటుంది యోలాండ్.
"అది ఉందని నువ్వు నమ్మడంలేదు."

నవంబరు చివర. నాలుగింటికే చీకటి.
బస్టాపులో తడి బెంచీ మీద కూచుని
రెండు పాఠాలూ ఒకే నోటుబుక్కులోకి
తెలుగులో ఎక్కిస్తున్నాను,
నా తప్పులు పక్కవాళ్లు చదవలేని లిపిలో.
సట్‌క్లిఫ్ అన్నదానికి రాశాను: అడుగు ఏది?
పేజీ తిప్పి యోలాండ్ అన్నదానికి రాశాను:
అడుగు ఏది?
గట్టిగా నవ్వాను.
పక్కనున్న ముసలాయన వానకనుకుని
"తగ్గుతుందిలే" అన్నాడు.

అడుగు.
పాదం వేసేది.
గిన్నెలో పప్పు మాడే చోటు.
నోరు తెరిచి అడుగు, అన్నా అదే.
అది మాత్రం నేను
ఇద్దరి దగ్గరా ఒక్కసారీ చెయ్యలేదు.

ఆ రాత్రి ఒకే ఒక వరుస కలిపాను.
సున్న అయితే వెనక్కి రా.
బొక్కెనకి నీళ్లు తగిలాయి.
ఒక్కో పిలుపూ తన జవాబు మోసుకుని
మెట్టు మెట్టుగా పైకొచ్చింది,
మూడుసార్లు తిరిగి సమం మీద వాలే
ముక్తాయింపులా.
పక్క గదిలో ఎవరో గోడ కొట్టారు.
నేను కాళ్లతో తాళం వేస్తున్నానట.

మంగళవారం పడ్డాను.
బాగా ఏం కాదు. భుజం దగ్గర తొందరపడ్డాను.
కానీ పడి, అక్కడే ఉన్నాను.
చెంప కింద చల్లటి చెక్క,
ఎవరిదో తలపిన్ను, మైనం వాసన,
గోడలోపల వేడినీళ్ల గొట్టాలు
గొణుక్కుంటున్న చప్పుడు.
"మరి లేవడం ఎలా?"
అడిగాను.
హాల్లో నా గొంతు నాకే కొత్త.

యోలాండ్ వచ్చి, మోకాళ్లు టప్పుమంటుండగా
నా పక్కనే వెల్లకిలా పడుకుంది.
కాసేపు పైకప్పు చూసింది.
"అది వచ్చే టర్ములో" అంది.